ఈత, సైకిలు, పరుగు: కొండదారిలో జాగ్రత్తలు

ఈత, సైకిలు, పరుగు మధ్యలో విరామం లేకుండా సాగే పోటీ ట్రయథ్లాన్. 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లోనూ ఉంది: 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిలు, 10 కి.మీ. పరుగు. దీనికి తయారయ్యే మన పిల్లలకు కొండవీడు ఘాట్ రోడ్డు మంచి సాధన స్థలమే, జాగ్రత్తగా ఎక్కితే.

మొదటి ఎత్తులోనే బలమంతా ఖర్చు చేస్తే పరుగు దగ్గర పిక్కలు పట్టేస్తాయి. చిన్న గేరు వేసి, పక్కవారితో ఒక వాక్యం మాట్లాడగలిగే వేగంతోనే తొక్కాలి. మధ్యలో ఆయాసం వచ్చిందా, తగ్గించండి. దిగేటప్పుడు మలుపు రాకముందే రెండు బ్రేకులూ కొంచెం కొంచెంగా నొక్కాలి. హెల్మెట్ తప్పనిసరి. సైకిలు దిగగానే కాళ్లు మొద్దుబారినట్టుంటాయి; కాసేపు చిన్న అడుగులు వేస్తే సర్దుకుంటాయి.

మా భయమంతా ఎండ గురించే. మన పల్నాడు ఎండ సంగతి మేము చెప్పనక్కర్లేదు గదా! సాధన పొద్దెక్కక ముందే ముగించండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది గనుక గంటల తరబడి ఉత్త నీళ్లే అదేపనిగా తాగడమూ ప్రమాదమే. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలిపి, దాహాన్నిబట్టి గుక్కగుక్కగా తాగండి. బి.పి., గుండె మందులు వాడేవారు ముందుగా డాక్టరుగారిని అడగాలి.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, తికమకపడినా వడదెబ్బే అనుకోండి. "ఇంకొక్క కిలోమీటరే" అన్నా వినకుండా ఆపించి నీడకు చేర్చండి. ఒంటిమీద చల్లని నీళ్లు పోస్తూ విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయవద్దు.