రంగు చెప్పదు, రంధ్రం చెబుతుంది

సినిమా పాట వింటున్నప్పుడు గుండెల్లో మోగినట్టు ఒక మంద్రనాదం వినిపిస్తుంది, గమనించారా? చాలా పాటల్లో అది ఎలక్ట్రిక్ బాస్ గిటారు నాదం. మామూలుగా దీనికి నాలుగు లావుపాటి తీగలుంటాయి. వీణకున్నట్టు బోలు కుండ ఉండదు. ఒళ్ళంతా గట్టి చెక్కే. తీగల కంపనాలను వాటి కింద ఉన్న అయస్కాంతాలు, తీగచుట్టలు విద్యుత్ సంకేతాలుగా మారుస్తాయి.

మరి ఆ ఒళ్ళు ఏ కలపతో చేశారు? పైన మెరిసే రంగు పూసేస్తే ఎలా తెలుసుకోవాలి?

అమెరికాలో లియో ఫెండర్ కంపెనీ 1951లో ‘ప్రెసిషన్ బాస్’ను విడుదల చేసింది. దాని ఒంటికి యాష్ అనే చెట్టు కలప వాడారు. 1956 ప్రాంతంలో ఎక్కువగా ఆల్డర్ కలపకు మారారు. మహాగని, బాస్‌వుడ్ వాడే తయారీదారులూ ఉన్నారు. బాస్‌వుడ్ పేరుకూ బాస్ గిటారుకూ సంబంధం లేదు. అది ఆ చెట్టు బెరడు నారను బట్టి వచ్చిన పేరు!

తూచి చెప్పవచ్చా?

ఎండిన ఆల్డర్ కలప ఘన సెంటీమీటరుకు సుమారు 0.45 గ్రాములు తూగుతుంది. తెల్ల యాష్ 0.67 గ్రాముల దాకా తూగుతుంది. కాని నీరు నిలిచే నేలల్లో పెరిగిన యాష్ చెట్టు మొదలు భాగం ఇంచుమించు ఆల్డర్ అంత తేలికగా ఉండవచ్చు. కాబట్టి తూకం ఒక్కటే చాలదు. రంగునూ నమ్మలేం. లేత రంగు కలపకు రంగెక్కించి మహాగనిలా చూపించవచ్చు. మామూలు కలప మీద ఖరీదైన కలప పలుచని పొర అంటించవచ్చు. పైముఖం మీది చారలు అంచు దాటి పక్కకు కొనసాగకపోతే, అది పొరేమోనని అనుమానించాలి.

చెట్టు దాచలేని గుర్తు

వేళ్ళు పీల్చిన నీరు దారునాళాల ద్వారా పైకి వెళుతుంది. కలపను అడ్డంగా కోస్తే ఈ నాళాలు చిన్న రంధ్రాలుగా కనిపిస్తాయి. యాష్ చెట్టులో వసంతకాలపు నాళాలు పెద్దవి, తరువాత ఏర్పడినవి చిన్నవి. అందుకే ప్రతి వార్షిక వలయంలోనూ పెద్ద రంధ్రాలు వరుస తీరి ఉంటాయి. ఆల్డర్, బాస్‌వుడ్ కలపల్లో రంధ్రాలు అతి సన్నగా, వలయమంతటా చెదిరి ఉంటాయి. మహాగనిలోనూ చెదిరే ఉంటాయి గాని, కంటికి కనిపించేటంత పెద్దవి.

ఈ అడ్డుకోత గిటారులో ఎక్కడ దొరుకుతుంది? మెడ బిగించే గాడిలో, తీగచుట్టలు అమర్చిన గుంటల్లో. అక్కడ రంగు పడని చోటు ఉంటే, కొన గోడ మీద భూతద్దం పెట్టి చూడాలి. అయితే ఈ పరీక్ష సాధారణంగా చెట్టు ప్రజాతిని మాత్రమే చెబుతుంది. యాష్ అని చెప్పగలదు గాని, ఏ రకం యాష్ అన్నది తేల్చడం కష్టం.

ఇంత శ్రమ ఎందుకు?

ఆసియా నుంచి చేరిన ఒక పచ్చని పెంకుపురుగు 2002లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బయటపడింది. దాని పిల్లపురుగులు యాష్ బెరడు కింద తొలిచి, చెట్టుకు ఆహారం అందే దారిని తెంచేస్తాయి. కోట్లాది చెట్లు చచ్చిపోయాయి. 2020లో ఫెండర్ కంపెనీ తన మామూలు మోడళ్ళలో చాలావాటికి యాష్ వాడకం మానుతున్నట్టు ప్రకటించింది. కలప అరుదైతే ధర పెరుగుతుంది. ధరతోపాటు మోసమూ పెరుగుతుంది. మన శేషాచలం అడవుల ఎర్రచందనం విషయం మీకు తెలిసిందే. పట్టుబడిన దుంగ ఏ చెట్టుదో తేల్చడానికి శాస్త్రజ్ఞులు దాని కణ నిర్మాణాన్ని కూడా పరిశీలిస్తారు.

చేసి చూడండి

వడ్రంగి దగ్గర టేకు, మామిడి ముక్కలు అడిగి తీసుకోండి. వాటి కొనలను పదునైన ఉలితో నున్నగా కోసిమ్మనండి. కొద్దిగా తడిపి, భూతద్దంతో చూడండి. ఒకదానిలో పెద్ద రంధ్రాలు వలయాలుగా బారులు తీరి ఉంటాయి. రెండోదానిలో అంతటా చెదిరి ఉంటాయి. ఏది యాష్‌లా ఉంది? ఇప్పుడు ముక్కల మీద రంగు పూసి, కొనలు మాత్రం వదిలేసి, మీ స్నేహితుల చేతికివ్వండి. వాళ్ళు పోల్చగలరేమో చూడండి!