ఐదు గళ్ళలో ఆంగ్లపదం

"అయిదక్షరాల ఆంగ్లపదం. మూడవ అక్షరం 'ఏ', చివరిది 'ఇ'. 'ఆర్', 'టి' అనే అక్షరాలు కూడా అందులో ఉండవలె. ఆ పదమేది?"

విరామ సమయంలో వరండాలో ఇటువంటి ప్రశ్న వినిపిస్తే, ఇది వట్టి కాలక్షేపమని పెద్దలకు తోచడం సహజం. తెలుగు బోధించే నాకు మాత్రం మన విద్యార్థుల ఆంగ్లభయానికి మూలమూ, కొంత చికిత్సా ఈ ఆటలోనే కనిపించాయి. ఆ సంగతి వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా నా కథ ఒకటి చెప్పవలె. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో 'గొప్ప' అనే అర్థమిచ్చే 'గ్రేట్' అనే పదాన్ని నల్లబల్లపై జి, ఆర్, ఏ, టి, ఇ అని వ్రాశాను. నేను వ్రాసినది కూడా ఆంగ్లపదమే, ఉచ్చారణా అదే. అయితే దాని అర్థం 'కోరుతో తురుముట'. తరగతి అంతా నవ్వింది. ఆ తరువాత చాలాకాలం ఆంగ్లంలో ఒక్క వాక్యం పలకడానికి కూడా జంకాను.

నా తప్పు బుద్ధిమాంద్యం వల్ల జరిగినది కాదని తరువాత తెలిసింది. తెలుగు లిపి చెవిని నమ్ముతుంది. విన్నది విన్నట్టు వ్రాస్తే చాలావరకు తప్పు రాదు. ఆంగ్లలిపి కంటిని నమ్మమంటుంది. 'బలం' అనే అర్థంగల 'స్ట్రెంగ్త్' అనే మాటలో వినిపించే అచ్చు ఒక్కటే. వ్రాయడానికి మాత్రం ఎనిమిది అక్షరాలు కావలె. ఉర్దూ లిపి పద్ధతి వేరు. అందులో జబర్, జేర్, పేష్ అనే హ్రస్వస్వర చిహ్నాలను సాధారణంగా వ్రాయరు. హల్లుల చట్రాన్ని చూచి పాఠకుడే స్వరాన్ని పూరించుకొంటాడు. అందుచేతనే కాబోలు, మా తరగతులలో ఉర్దూ చదివి వచ్చిన విద్యార్థి హల్లులను చక్కగా పట్టుకొని అచ్చుల వద్ద తడబడతాడు. తెలుగు చదివి వచ్చినవాడు వినిపించిన ధ్వనినల్లా వ్రాసి, వినిపించని అక్షరాన్ని విడిచిపెడతాడు.

ఇక మన ప్రశ్నకు వద్దాం. ఇరవై ఆరు అక్షరాలతో అయిదు గళ్ళను 1,18,81,376 విధాలుగా నింపవచ్చు. జ్ఞాపకాన్ని మాత్రమే నమ్ముకొన్నవాడు ఈ అరణ్యంలో దారి తప్పుతాడు. క్రమం తెలిసినవాడు కాగితంపై అయిదు గళ్ళు గీసి, మూడవ గడిలో 'ఏ', అయిదవ గడిలో 'ఇ' వ్రాస్తాడు. మిగిలినవి మూడు గళ్ళు. వాటిలో 'ఆర్', 'టి' అక్షరాలను ఆరు విధాలుగా అమర్చవచ్చు. ప్రతి అమరికలోను ఒక గడి ఖాళీగా ఉంటుంది. కనుక పరీక్షించవలసినవి 156కు మించవు.

ఆరింటిలో మూడు అమరికలు మనకు పరిచితమైన పదాలను ఇవ్వవు. ఉదాహరణకు, 'ఆర్' వెంటనే 'టి' వచ్చే విధంగా ఆంగ్లపదం మొదలు కాదు. మిగిలిన మూడూ ఫలిస్తాయి. 'టి, ఆర్' మొదట నిలిస్తే ట్రేస్ (జాడ), ట్రేడ్ (వర్తకం) అనే పదాలు వస్తాయి. 'ఆర్' రెండవ గడిలో, 'టి' నాలుగవ గడిలో ఉంటే క్రేట్ (సరుకుల పెట్టె), ఐరేట్ (కోపించిన), వీటితోపాటు నన్ను నవ్వులపాలు చేసిన ఆ 'గ్రేట్' లభిస్తాయి. 'టి' రెండవ గడిలో, 'ఆర్' నాలుగవ గడిలో ఉంటే స్టేర్ (తేరిపార చూచుట) దొరుకుతుంది.

ఖాళీ గడిలో ముందుగా ఏ అక్షరాన్ని పెట్టి చూడవలె? భాషలో తరచుగా వచ్చే అక్షరాన్ని. ఒక భాషలో ఏ అక్షరం ఎన్నిమార్లు వస్తుందో లెక్కించి, దాని సాయంతో రహస్యలేఖలను ఛేదించే పద్ధతిని క్రీ.శ. 9వ శతాబ్దిలోనే అరబ్బు తత్త్వవేత్త అల్ కిందీ వివరించాడు. 1930 ప్రాంతంలో ఉద్యోగం కోల్పోయిన అమెరికన్ వాస్తుశిల్పి ఆల్‌ఫ్రెడ్ బట్స్ పత్రికలలోని అక్షరాలను లెక్కించి, తాను కల్పించిన పదక్రీడకు వాడుకొన్నాడు. 1948 నుండి దాని పేరు స్క్రాబుల్. అందులోని 100 బిళ్ళలలో 'ఇ' అక్షరానికి 12 ఉన్నాయి. 'క్యూ', 'జెడ్' అక్షరాలకు ఒక్కొక్కటే. 2021లో ప్రజల ముందుకు వచ్చిన వర్డిల్ ఆటలో అయిదక్షరాల పదాన్ని ఆరు ప్రయత్నాలలో కనుగొనవలె. దానిని ఆడేవారికీ ఈ లెక్క ఉపకరిస్తుంది.

నియమిత స్థానంలో నియమిత అక్షరాన్ని నిలపడం మనకు కొత్త విద్య కాదు. అవధానంలో పృచ్ఛకుడు ఏ పాదంలో ఎన్నవ అక్షరం ఏది కావలెనో చెబుతాడు. అవధాని ఆ విధంగానే పద్యం పూర్తి చేస్తాడు. అది న్యస్తాక్షరి. వద్దన్న అక్షరాన్ని వదలి సాగవలసినది నిషేధాక్షరి. ఈ అవధాన విద్యలో ఆంధ్రదేశమంతటా పేరుపొందిన కొప్పరపు సోదరకవులు, వేంకట సుబ్బరాయకవి (1885-1932), వేంకట రమణకవి (1887-1942), మన నరసరావుపేటకు సమీపంలోని కొప్పరంవారే. అవధానికి ఛందస్సు ఎటువంటిదో, ఈ ఆటగానికి అయిదు గళ్ళు అటువంటివి. నియమం దారిని మూయదు. వెదకవలసిన దిక్కును చూపుతుంది.

నేడు చేతిలోని ఫోను ఇటువంటి పదాల జాబితాను క్షణంలో ఇస్తుంది. అది చేసే పని ఇంతే: నిఘంటువులోని పదాలను వరుసగా తీసి, పొడవును, అక్షరాలను సరిచూచి, పొసగనివాటిని తోసివేయడం. ఆ శ్రమ యంత్రానిదైతే ఫలమూ యంత్రానిదే. పది నిమిషాలు స్వయంగా వెదకిన విద్యార్థి, దొరికిన ఆరు పదాలతోపాటు, దొరకని వాటి కారణాన్ని కూడా తెలుసుకొంటాడు.

కనుక కళాశాల పాలకవర్గానికి నా మనవి ఒకటి. వారానికి ఒక అరగంట గ్రంథాలయంలో ఉర్దూ విద్యార్థిని, తెలుగు విద్యార్థిని ఒకే బల్లవద్ద, ఒకే కాగితం ముందు కూర్చోబెట్టవలె. ఒకరు హల్లుల చట్రం నిలుపుతారు. మరొకరు అచ్చులు వెదకుతారు. దీనికి ఖర్చు లేదు; కాగితం, పెన్సిలు, ఒక నిఘంటువు చాలు. అక్కడ ఎవరైనా నావలె తప్పు వ్రాస్తే నవ్వకండి. "ఇదీ ఒక పదమే, దీని అర్థమేమిటో చూద్దాం" అని నిఘంటువు తెరవండి. ఆనాడు నాతో ఆ ఒక్క మాట అన్నవారు లేకపోయారు.