మాయలఫకీరు ప్రాణము: బాలనాగమ్మకథలో మాయకుఁ గల కట్టుబాట్లు

బాలనాగమ్మకథ నెఱుఁగని తెలుఁగువా రరుదు. బుఱ్ఱకథలవారును, శారదకాండ్రును తరతరములుగా దీనిఁ బాడుచు వచ్చిరి. 1942 వ సంవత్సరమున జెమినీవారు దీనిని జలనచిత్రముగాఁ దీసిరి. కథ వినుచున్న బాలుఁడు చిలుక ప్రస్తావము రాఁగానే యొక ప్రశ్న వేయును: "ఫకీరు తన ప్రాణమును జిలుకలో నేల దాఁచెను? ఏ కొండలోనో దాఁచుకొన్నచో నెవఁడు చంపఁగలఁడు?" పెద్దలు "కథకుఁ గాళ్లు లేవు, ముంతకుఁ జెవులు లేవు" అని యాతని నూరకుండఁజేయుదురు. కాని యాప్రశ్న త్రోసివేయఁదగినది గాదు. మాయయనునది కథకుని యిచ్చవచ్చినట్లు నడచునదా, లేక దానికిని గట్టుబాట్లు గలవా యనునదియే బాలుని సందేహము. కట్టుబాటు లేని మాయలో భయమును లేదు, గెలుపును లేదు. ఏల యన నెప్పుడైనను నేదైనను జరుగవచ్చును గదా.

ఇట్టి సందేహములను విడువక పట్టుకొని విచారించుట యిటీవల లోకమున నొక పెద్ద వ్యాసంగమైనది. ఆంగ్లమున రౌలింగు రచించి 1997 మొదలు 2007 వఱకు నేడు సంపుటములుగాఁ బ్రకటించిన హారీపాటరు కథలో దుష్టమాంత్రికుఁడు తన యాత్మను ముక్కలు చేసి, ఉంగరము, పతకము, పాత్ర మున్నగు వస్తువులలో దాఁచును. 2005 లో వెలువడిన యాఱవ సంపుటము చివర నొక దొంగ పతకమును, అందులో 'ఆర్. ఏ. బీ.' యను పొడి యక్షరములతో నొక చీటియుఁ గానవచ్చును. ఆ వ్రాసినవాఁ డెవఁడో గ్రంథకర్త్రి చెప్పలేదు. పాఠకులు భాషాంతరీకరణములను దెచ్చి పోల్చిరి. డచ్చి ప్రతిలోఁ గడపటి యక్షరము 'జడ్' అయ్యెను; నార్వే ప్రతిలో 'ఎస్' అయ్యెను. 'బ్లాక్' అను నింటిపేరు, నలుపని యర్థము గలదగుటచే, నా రెండుభాషలలోను మార్పు నొందియుండెను. మార్పు దానితో సరిపోయెను. కావున నావంశమువాఁ డయిన రెగ్యులసే యా చీటి వ్రాసెనని వారు నిశ్చయించిరి. 2007 లో నది నిజమయ్యెను. కథానాయకుఁడే దుష్టుని యాత్మకొక పాత్ర యని చాలమంది యూహించినదియు నట్లే నిజమయ్యెను. తాళపత్రప్రతులఁ గూర్చుకొని పాఠనిర్ణయము చేయు పండితుల పని కిది దూరమైనది గాదు. మన బాలనాగమ్మకథను నీచూపుతోఁ బరిశీలించుట ప్రయోజనకరము.

కథ సంగ్రహముగా నిది. కార్యవర్ధిరాజు భార్య బాలనాగమ్మ. ఫకీరు భిక్షకు వచ్చి, యామెను గుక్కగా మార్చి, నాగళ్లపూడిగట్టునకుఁ గొనిపోవును. వెంట వచ్చిన భర్తయు సైన్యమును శిలలగుదురు. ఆమె వ్రతము పేరు చెప్పి ఫకీరును దూరముంచుచు, సంవత్సరములు గడపును. కుమారుఁడు బాలవర్ధి పెరిగి, పూలు గట్టు ముసలిదాని యింటఁ జేరి, యాఁడువేషముతోఁ దల్లిని గలిసికొని, ఫకీరు ప్రాణము సముద్రముల కావల నొక చిలుకలో నున్నదని తెలిసికొని, దానిఁ దెచ్చి వానిని జంపును. చలనచిత్రమున ఫకీరు 'మాయల మరాఠీ' యయ్యెను. పేరు మాఱినను బని మాఱలేదు. ఊరివాఁడు గానివాఁ డెవఁడో వాఁడే మాయలవాఁ డనుట పల్లెకథల కలవాటు. ఆ పేరును బట్టి యొక మతమునో యొక జాతినో నిందించుట తగదు.

ఈకథయే 1868 వ సంవత్సరమున లండనులో నచ్చయిన 'ఓల్డ్ డెక్కన్ డేస్' అను గ్రంథమునఁ గలదు. బొంబాయి గవర్నరు కూఁతురు మేరీ ఫ్రియరు, తమ యింటి యాయా యగు ఆనా లిబెరాటా డిసౌజా చెప్పఁగా విని వ్రాసికొన్నది. ఆనా తాత లింగాయతుఁడై యుండి గోవాప్రాంతమునఁ గ్రైస్తవుఁ డయ్యెను. అందు రాణి పేరు బాల్న. మాంత్రికుని పేరు పంచ్‌కిన్. కుక్కయగుటయు, భర్తృప్రభృతులు శిలలగుటయు, పన్నెండేండ్ల చెఱయు, పూలమ్మువారి యిల్లును, చిలుకయు నన్నియు నున్నవి. 'బాల్న' యనునది బాలనాగమ్మ పేరి మొదటిభాగమే యనుట కిన్ని పోలికలు చాలును.

ఆ గ్రంథము వెలువడఁగానే పాశ్చాత్యపండితులు చిలుకను బట్టుకొనిరి. 1870 లో కాక్సు, ఇది సూర్యోదయాస్తమయముల రూపకమనియు, ఆర్యజాతులు విడిపోకమునుపే పుట్టినదనియు వాదించెను. కాని క్రీస్తునకుఁ బూర్వము సుమారు 1200 నాఁటి యైగుప్తపత్రమున, బటా యనువాఁడు తన హృదయమును వృక్షపుష్పమున నుంచిన కథ యున్నది. ఐగుప్తు లార్యులు గారు. కావున నావాదము నిలువదు. 1884 లో క్లాడ్డు 'పంచ్‌కిన్ తత్త్వము' అనుపేర నొక వ్యాసమే వ్రాసెను. 1890 లో ఫ్రేజరు తన 'గోల్డెన్ బౌ' గ్రంథమున, ఆదిమమానవుఁడు ప్రాణమును జేతఁ బట్టఁదగిన వస్తువుగాఁ దలఁచెననియు, దేహమునం దపాయము గలదని తోఁచినపుడు దానిని వేఱొకచోట భద్రపఱుపవచ్చునని నమ్మెననియుఁ జెప్పెను. సొమ్మును నేలలోఁ బాతిపెట్టినట్లన్నమాట. ఈ యూహ చక్కనిదే. కాని బాలుని ప్రశ్నకిది సమాధానము గాదు. భద్రపఱుచుటయే తలఁపైనచో నెగిరిపోవునట్టియుఁ జచ్చునట్టియుఁ జిలుక యేల?

ఈ ప్రశ్నకు సమాధానము భారతముననే కలదు. వనపర్వమున యవక్రీతుని వృత్తాంతములో లోమశుఁడు ధర్మరాజునకుఁ జెప్పిన కథలో, బాలధి యను మహర్షి మరణము లేని పుత్రునిఁ గోరి తపస్సు చేసెను. మర్త్యుఁ డమరుఁడు గానేరఁడని దేవతలు తెలిపి, యాయువును మాత్ర మొక నిమిత్తమునకుఁ గట్టవచ్చు ననిరి. ఎదుటనున్న పర్వతములే నిమిత్తముగా నిండని ఋషి కోరెను. మన బాలుఁడు చెప్పిన యుపాయ మిదియే! మేధావి యను నా కొడుకు గర్వించి ఋషుల నవమానింపఁ దొడఁగెను. ధనుషాక్షుఁ డను ముని "బూడిదవగు" మని శపించినను వాఁడు బూడిద కాలేదు. అంత నాముని శాపమును విడిచి, మహిషములచే నాపర్వతములను బగులఁగొట్టించెను, మేధావి మరణించెను.

ఈ చిన్న కథలోఁ గట్టుబాట్లన్నియు స్పష్టముగా నున్నవి. చావు లేకుండఁ జేయుట దేవతల చేతను గాదు. చావును వేఱొకదాని చావునకుఁ గట్టుట యగును. అట్లు కట్టఁబడినవానిపై మహర్షిశాపమైనను బాఱదు. నిమిత్తము కొండయైనను గూలునదే; లేనిచో నది నిమిత్తమే కాఁజాలదు. హిరణ్యకశిపుని వరము దీనికి విపర్యయము. వాఁడు పగలు, రాత్రి, ఇల్లు, బయలు నని ద్వారము లన్నిటిని మూయించుకొనెను. మఱచిన ద్వారమున నరసింహుఁడు వచ్చెను. నిమిత్తాయువు గలవాఁ డొక్క ద్వారమునే యుంచి, దానిని దాఁచును. ఫకీరు రెండవ తెగవాఁడు. వాని రక్ష చిలుక బలమున లేదు. చిలుక దూరమునను, దాని సంగతి యెవరికిఁ దెలియకుండుటయందును గలదు. ఫ్రేజరు ప్రపంచమంతయు వెదకి తెచ్చిన యుదాహరణములకంటె నీ 'నిమిత్త'మను నొక్కమాట మనకథ నెక్కువగా విశదపఱుచును.

ఇఁక రెండవ సందేహము. సైన్యమును శిలలుగాఁ జేయఁజాలినవాఁడు చెఱలోనున్న యొక్క స్త్రీ వ్రతమును భంగపఱుపఁజాలకుండు టేల? పాతివ్రత్యమహిమ యనుట వాడుకైన సమాధానము. రావణునకు నలకూబరుని శాప మున్నట్లు ఫకీరునకు నేదో శాప ముండు నని యూహించువారు నుందురు; కాని రామాయణమున శాపము చెప్పఁబడినది, ఇచటఁ జెప్పఁబడలేదు. ఫకీరు చేసిన మాయల నొక్కచోఁ జేర్చి చూచినచో వేఱొక సమాధానము దొరకును. రాణిని గుక్కను జేసెను. రాజును రాతిని జేసెను. తాను వేషములు ధరించెను. ఇవియన్నియు దేహమును మార్చుటలే. ఒక్కచోటనైనను వాఁడొకరి మనస్సును మార్చినట్లు లేదు. మార్పఁగలవాఁడే యైనచోఁ బంచ్‌కిన్ పన్నెండేండ్లు "నన్నుఁ బెండ్లాడెదవా?" యని ప్రతిదినము నడుగుచుఁ గూర్చుండనేల? వాని విద్య చర్మమువఱకే. లోపలి సమ్మతిని వాఁ డితరులవలె నడిగియే పొందవలెను. ఈ యూహ కథలోని ప్రతి ఘట్టమునకును సరిపోవుచున్నది గనుక దీనినే గ్రహింపఁదగును.

దీని ఫలితము గొప్పది. ఎచట వాని మాయ పాఱదో యచటనే బాలనాగమ్మ యున్నది. అంతకాలము కఠినముగా నున్న యామె, కుమారుని గుర్తించిన పిమ్మట, మెత్తఁగా మాటలాడి వాని చావు రహస్యము నడుగును; వాఁడు చెప్పివేయును. కథాసరిత్సాగరమున నంగారకాసురుఁడును దన కెడమయఱచేతనే మర్మమున్నదని, యేడ్చుచున్న కూఁతు నోదార్చుటకై చెప్పెను. వీరు చెప్పునట్లు చేసినది మంత్రము గాదు, నమ్మింపవలెనను నాశ. కథలో నాయకుఁడు చిలుకను దెచ్చినవాఁడే యని వాడుక. ఆ తేవలసిన దేదో తెలిసికొన్నది మాత్రము చెఱలోనున్న స్త్రీ.

చిలుకకును ఫకీరు దేహమునకును గల సంబంధమెట్టిది? ఇచట దేశమునకొక కట్టుబాటు. ఆనా చెప్పిన కథలో బాలుఁడు చిలుక ఱెక్క యొకటి పెఱుకఁగా మాంత్రికుని చేయి యూడిపడును, రెండవ ఱెక్కకు రెండవ చేయి, కాలికిఁ గాలు, మెడ త్రిప్పఁగాఁ బ్రాణము పోవును. అనఁగాఁ జిలుక ప్రాణమునకుఁ బాత్ర మాత్రమే గాదు, వాని దేహమునకుఁ బ్రతిరూపము. రుష్యాదేశపుఁ గోష్చేయుని ప్రాణము గ్రుడ్డులోని సూదిమొనయందున్నది. సూది విఱిగినఁ జచ్చును, అంగములతోఁ బనిలేదు. లాల్ బిహారీ డే 1883 లోఁ బ్రకటించిన వంగకథలలో డాలింకుమారుని ప్రాణము చేపకడుపులోని పెట్టెయందున్న బంగారుహారములో నుండును. సవతితల్లి యాహారమును ధరించినప్పుడెల్ల వాఁడు చచ్చును. రాత్రి తీసిపెట్టఁగానే లేచును. ఇచట హారము విఱుగనక్కఱలేదు, పరహస్తగతమైనఁ జాలును.

ఈ భేదము గ్రంథములలోనే చూడవలసినది గాదు. 2016 వఱకు మెదకుజిల్లాలో నుండి, పిదప సంగారెడ్డిజిల్లాలోఁ జేరిన గడ్డపోతారమునను, దాని పరిసరములందును రసాయనౌషధముల కర్మాగారములు నెలకొన్నవి. తెలుఁగువారితోఁ గూడ బీహారు, ఒడిశా, వంగదేశముల కూలీలును నీ పటాన్‌చెరువు ప్రాంతమునఁ బని సేయుచున్నారు. శారదకాండ్రు బాలనాగమ్మను బాడిన సీమలో, డాలింకుమారుని కథ నెఱిఁగినవాఁడు నేఁడు ప్రక్కగదిలో నుండవచ్చును. వీరిరువురును గథలు చెప్పికొన్నచో, "ప్రాణపాత్ర మొరుని చేఁబడినఁ జాలునా, చంపవలయునా?" అను వివాదము పుట్టక మానదు. కథలఁ బోగుచేయువారు పాతపల్లెలనే వెదకుట యాచారమైనది. పెక్కుభాషల వారొక్కచోఁ బండుకొను నిట్టి కూలివాడలు వారి దృష్టిలోఁ బడవలసియున్నది. ఒక తరము గడచినచో నా నాయనమ్మల కథలు చెప్పువారుండరు.

మూఁడవ సందేహము చిన్నదిగాఁ దోఁచును గాని కథ ముగింపంతయు దానిపై నాధారపడినది. మాయావి చచ్చినచో వాఁడు చేసిన మాయ యేమగును? శిలలైనవారు లేతురా, శిలలుగనే యుందురా? 1954-55 లలో టోల్కిను ప్రకటించిన మహాకథలో నీ ప్రశ్నను బాత్రములే చర్చించును: దుష్టుని యుంగరము నశించినచోఁ దక్కిన మూఁడుంగరములు స్వతంత్రములగునని కొందఱాశింతురు; వానితో నవియు శక్తి గోల్పోవు నని యెల్రాండు శంకించును. శంకయే నిజమగును. ఆ కట్టుబాటు ప్రకారము ఫకీరు చచ్చినఁ జాలును. శిలలు తామే లేవవలెను.

పంచ్‌కిన్ కథలోని బాలుఁ డట్లు నమ్మలేదు. ఆపదలో నున్న గ్రద్దపిల్లలఁ బామునుండి కాచి, వానిపై నెక్కి వెళ్లి, భూతములు గాచుచున్న యాఱు కుండల క్రిందనుండి పంజరమును దెచ్చినవాఁడు, చిలుకను వెంటనే చంపినచో దారిలోనే పని తీరియుండును. అట్లు చేయక, కోట వాకిటికి వచ్చి, చిలుకను జూపి, మొదటఁ దండ్రిని, పినతండ్రులను లేపు మనెను. పిమ్మట శిలలైనవారి నందఱిని లేపు మనెను. మాంత్రికుఁడు చిలుక కొఱకై వారి నందఱిని లేపెను. మాయ కర్తను మించి నిలుచునని యాబాలుఁ డెఱుఁగును. చేసినవాఁడే విప్పవలెను, చచ్చినవాఁడు విప్పలేఁడు. కాబట్టి వాని చేతిలోఁ జిలుక యాయుధము గాదు, కుదువ. తండ్రి లేచి నిలుచువఱకు నాకుదువ ప్రాణముతో నుండవలెను. ఱెక్క పెఱుకుట యాపిమ్మటి పని.