నిజాం మ్యూజియంలో ప్యాకార్డ్: ఆ పాత అమెరికన్ కారు నేటి కార్లకు ఏమిచ్చింది?

హైదరాబాద్ పాతబస్తీలోని పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియానికి సందర్శకులు ఎక్కువగా వచ్చేది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవ కానుకలను చూడటానికి. అక్కడే రోల్స్‌రాయిస్, జాగ్వార్ కార్ల సరసన ఒక ప్యాకార్డ్ కూడా ఉంది. మొదటి రెండు పేర్లూ నేటి పిల్లలకు సైతం తెలుసు. మూడో పేరు విన్నవారు అరుదు. 1958 తర్వాత ప్యాకార్డ్ పేరుతో కంపెనీ నుంచి కొత్త కారు రాలేదు.

ఒకప్పుడు అమెరికాలో సంపన్నుల కారు అంటే ముందుగా గుర్తొచ్చే పేర్లలో ఇదొకటి. రాజులు, దేశాధ్యక్షులు, సినీ తారలు దీన్ని కోరి కొనుక్కున్నారు. ఇంతకీ ఈ కారు ప్రత్యేకత ఏమిటి? అంత పేరున్న కంపెనీ ఎందుకు కనుమరుగైంది?

అసంతృప్తితో మొదలైన ప్రయాణం

ఒహాయో రాష్ట్రంలోని వారెన్ పట్టణంలో జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్, ఆయన అన్న విలియం విద్యుత్ పరికరాల వ్యాపారం చేసేవారు. జేమ్స్ 1898లో వింటన్ కంపెనీ కారు కొన్నారు. అది తరచూ మొరాయించడంతో, ఇంతకంటే మంచి కారును తానే చేయగలనన్న పట్టుదల ఆయనలో కలిగింది. 1899 నవంబరులో అన్నదమ్ముల తొలి కారు రోడ్డెక్కింది. 1903లో కంపెనీ డెట్రాయిట్‌కు తరలింది. అక్కడ వాస్తుశిల్పి ఆల్బర్ట్ కాన్ రూపొందించిన ప్యాకార్డ్ కర్మాగారం, కాంక్రీటుతో కట్టిన ఆధునిక ఫ్యాక్టరీలకు నమూనాగా నిలిచింది.

పన్నెండు సిలిండర్లు ఎందుకు?

ప్యాకార్డ్‌కు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది 1915లో విడుదలైన 'ట్విన్ సిక్స్'. ఇంజినీరు జెస్సీ విన్సెంట్ రూపొందించిన ఈ కారులో ఆరేసి సిలిండర్ల వరుసలు రెండు, ఆంగ్ల అక్షరం 'వీ' ఆకారంలో ఉండేవి. ఇంజన్ సామర్థ్యం సుమారు 7 లీటర్లు. పన్నెండు సిలిండర్ల ఇంజన్‌తో పెద్ద సంఖ్యలో తయారైన తొలి కారు ఇదే. 1923 వరకు 35 వేలకు పైగా అమ్ముడయ్యాయి.

వేగం కంటే నెమ్మదితనం కోసమే ఇన్ని సిలిండర్లు అవసరమయ్యాయి. సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడల్లా పిస్టన్ క్రాంక్‌షాఫ్ట్‌ను ఒక్కసారి నెడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో షాఫ్ట్ అర చుట్టు తిరిగితే గానీ తర్వాతి నెట్టు రాదు. పన్నెండు సిలిండర్లుంటే చుట్టులో ఆరో వంతుకే మరో నెట్టు వస్తుంది. నెట్టుకూ నెట్టుకూ మధ్య విరామం తగ్గడంతో కుదుపు పోతుంది. ఇంజన్ నిదానంగా తిరుగుతున్నా బలం చాలుతుంది, గేరు మార్చాల్సిన అవసరం తగ్గుతుంది. ఆనాటి సంపన్నుడు కోరుకున్న సుఖం అదే.

1921లో వారెన్ హార్డింగ్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారానికి ట్విన్ సిక్స్‌లోనే వెళ్లారు. ఆ వేడుకకు మోటారు కారులో వెళ్లిన తొలి అధ్యక్షుడు ఆయనే.

కారును కిందికి దించిన గేరు

ప్యాకార్డ్ ప్రవేశపెట్టిన మార్పుల్లో సామాన్యుడి కంటపడనిదీ, ఎంతో ప్రభావం చూపినదీ 'హైపాయిడ్' గేరు. ఇంజన్ శక్తి కారు అడుగున పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనుక చక్రాలకు చేరుతుంది. షాఫ్ట్ చివరనున్న చిన్న గేరు, వెనుక ఇరుసులోని పెద్ద గేరును సరిగ్గా దాని మధ్య ఎత్తులో తాకేది. షాఫ్ట్ అంత ఎత్తులో ఉన్నందున కారు అడుగు భాగమూ ఎత్తుగానే ఉండేది.

1920ల మధ్యలో ప్యాకార్డ్ కార్లలో వంపు పళ్ల చిన్న గేరును మధ్యరేఖకు కిందుగా అమర్చారు. దాంతో షాఫ్ట్ కిందికి దిగింది, దానితో పాటు కారూ దిగింది. మలుపుల్లో స్థిరత్వం పెరిగింది, గేర్ల మోత తగ్గింది. అయితే ఇందులో పళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కువగా జారుతాయి. అందుకే ఈ గేర్లకు ప్రత్యేకమైన నూనె కావాలి. వెనుక చక్రాలతో నడిచే కార్లలో, లారీల్లో ఈ అమరిక నేటికీ వాడుకలో ఉంది.

ఛాసిస్ ఒకరిది, బాడీ మరొకరిది

ఆనాటి ఖరీదైన కారును ఒకే సంస్థ పూర్తిగా తయారు చేయాలన్న నియమం లేదు. ఇంజన్, చక్రాలు, ఉక్కు చట్రం కలిసిన ఛాసిస్‌ను కంపెనీ ఇచ్చేది. కొనుగోలుదారు కోరితే డీట్రిచ్, లెబారన్ వంటి సంస్థలు దానిపై బాడీ కట్టేవి. లోపల కలప చట్రం, పైన లోహపు రేకు ఉండేవి. ఎవరు బాడీ కట్టినా ప్యాకార్డ్‌ను గుర్తుపట్టేలా చేసేవి రెండు: ఎద్దు మెడపై కాడిని తలపించే వంపుతో ఉండే రేడియేటర్, చక్రాల మధ్య ఎర్రని షడ్భుజి.

చౌక కారుకే ముందు దక్కిన బ్రేకులు

1929 నాటి ఆర్థిక మాంద్యం ఖరీదైన కార్ల మార్కెట్‌ను దెబ్బతీసింది. నిలదొక్కుకోవడానికి ప్యాకార్డ్ 1935లో '120' మోడల్‌ను తెచ్చింది. దాని ధర వెయ్యి డాలర్లలోపే మొదలైంది. కంపెనీ అగ్రశ్రేణి మోడల్ 'ట్వెల్వ్' ధర అందుకు మూడు రెట్లకు పైమాటే.

విచిత్రం ఏమిటంటే, ద్రవ పీడనంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు, ముందు చక్రాలకు వేర్వేరు సస్పెన్షన్ ఈ చౌక కారుకే ముందు వచ్చాయి. ట్వెల్వ్‌కు అవి 1937లో గానీ రాలేదు. 120 కంపెనీని బతికించింది. 1937లో ప్యాకార్డ్ ఉత్పత్తి లక్ష కార్లు దాటింది. కానీ అదే పేరు ఇప్పుడు మధ్యతరగతి ఇంటి ముందూ కనిపించసాగింది.

ఆపాలంటే బెల్టు విప్పాల్సిన ఏసీ

వేసవిలో కారెక్కగానే ఏసీ వేసుకునే మనకు ప్యాకార్డ్‌తో మరో బంధం ఉంది. కంపెనీ ఫ్యాక్టరీ నుంచే ఏసీతో అమ్మిన తొలి కారు 1940 మోడల్ ప్యాకార్డ్. ఇందుకు అదనంగా 274 డాలర్లు చెల్లించాల్సి వచ్చేది. చల్లబరిచే భాగం వెనుక సీటు వెనకాల డిక్కీలో చాలా చోటు ఆక్రమించేది. చల్లదనాన్ని నియంత్రించే థర్మోస్టాట్ లేదు. ఇంజన్ నడిచినంత సేపూ కంప్రెసర్ తిరుగుతూనే ఉండేది. దాన్ని పూర్తిగా ఆపాలంటే కారు నిలిపి, బానెట్ ఎత్తి, బెల్టు విప్పాల్సిందే. కొనేవారు లేక కంపెనీ కొద్ది కాలానికే దాన్ని మానేసింది.

మరి ఎందుకు మూతపడింది?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రోల్స్‌రాయిస్ 'మెర్లిన్' విమాన ఇంజన్లను ప్యాకార్డ్ 55 వేలకు పైగా తయారు చేసింది. 1949లో సొంతంగా ఆటోమేటిక్ గేరుబాక్సునూ రూపొందించింది. అంటే ఇంజినీరింగ్ నైపుణ్యానికి లోటు లేదు.

లోటు మరోచోట ఉంది. సాఫీగా నడవడం, గట్టి బ్రేకులు, మెత్తని ప్రయాణం క్రమంగా అన్ని కార్లకూ వచ్చేశాయి. ఎక్కువ ధర పెట్టి కొనడానికి కారణం తగ్గిపోయింది. ప్రత్యర్థి క్యాడిలాక్ 1949 మోడల్‌కే కొత్త తరం వీ-8 ఇంజన్ తేగా, ప్యాకార్డ్‌కు అది 1955లో గానీ రాలేదు. 1954లో స్టూడిబేకర్‌తో జరిగిన విలీనం భారమైంది. 1956 జూన్‌లో డెట్రాయిట్‌లో ఉత్పత్తి ఆగిపోయింది. ఆపై రెండేళ్లు స్టూడిబేకర్ కార్లకే ప్యాకార్డ్ పేరు తగిలించి అమ్మారు.

మిగిలిన వాటిని కాపాడేదెలా?

భారత్‌లో 50 ఏళ్లు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న వ్యక్తిగత కార్లు, ద్విచక్ర వాహనాలను 'వింటేజ్' వాహనాలుగా గుర్తిస్తూ కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. వీటికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ. 20,000, గడువు పదేళ్లు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి అవసరాలకే వీటిని రోడ్డుపైకి తీసుకురావచ్చు. రోజువారీ వాడకానికి వీల్లేదు.

చట్టం గుర్తించినంత మాత్రాన కారు నిలవదు. బాడీ లోపలి కలప తేమకు పుచ్చిపోతుంది. తిప్పకుండా వదిలేసిన ఇంజన్ బిగుసుకుపోతుంది. పెట్రోలులో కలిపే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఆ కాలపు రబ్బరు గొట్టాలను దెబ్బతీస్తుంది. విడిభాగం దొరకనప్పుడు దాన్ని కొలిచి, కొత్తగా మలచగల మెకానిక్ కావాలి. అలాంటి పనివారు ఏటికేడు తగ్గుతున్నారు.

పైన మెరిసే రంగును కాపాడటం తేలిక. లోపలి యంత్రం ఎలా నడిచిందో తెలిసిన చేతులు కరవైన రోజున, మ్యూజియంలోని కారు కారు కాదు, దాని బొమ్మ మాత్రమే.