తప్పు పట్టు విద్య



పరుల మాటలో తప్పు పట్టుట మెచ్చదగిన గుణము కాదని మన పెద్దలందురు. కాని నేడు ఆ విద్యకు మార్కులు గలవు. ఆ మార్కులను బట్టి కొలువులును గలవు. కేంద్ర ప్రభుత్వోద్యోగములకై స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ వారు పట్టభద్రులకు జరుపు పరీక్షయందు, 2024వ సంవత్సరపు మొదటి యంచెలో, 60 నిమిషములకు 100 ప్రశ్నలుండెను. అందు 25 ఇంగ్లీషునకు సంబంధించినవి. ఇట్టి పరీక్షలలో నొక వాక్యమును ముక్కలుగా విరిచి, దోషమే ముక్కలో నున్నదో చెప్పుమని యడుగుదురు.

లెక్కలలో దిట్టలైన పిల్లలు సైతము ఇచ్చట తడబడుట నేను చూచితిని. వారు వాక్యమును చెవితో పరీక్షింతురు. వినుటకు బాగున్నచో ఒప్పనుకొందురు. చెవి తనకు అలవడినదానినే మెచ్చును. ఇంట ఇంగ్లీషు వినని పిల్లవానికి ఆ యలవాటెక్కడిది?

మనము కావ్యములు చదువుకొన్ననాడు గురువులు శ్లోకమునకు అన్వయము చెప్పించెడివారు. క్రియ యేది? దానికి కర్త యెవరు? ఈ విశేషణము దేనికి చెందును? ఆ ప్రశ్నలే యిచ్చటను వేయవలెను. 'ది లిస్ట్ ఆఫ్ బుక్స్ ఆర్ ఆన్ ది టేబుల్' అను వాక్యమును చూడుడు. "పుస్తకముల పట్టిక బల్లమీద నున్నవి" అనుటవంటిది. తెలుగున నైనచో మీరు వెంటనే నవ్వుదురు. కర్త పట్టిక, అది యొక్కటే. కావున 'ఆర్' కాదు, 'ఈజ్' ఉండవలెను. నడుమ నున్న 'బుక్స్' చెవిని మోసగించినది.

రెండవది, మాతృభాష నీడ. "దానిని గూర్చి చర్చించిరి" అనుట తెలుగున సాధువే. ఆ యలవాటున మనవారు 'డిస్కస్డ్ అబౌట్' అందురు. ఇంగ్లీషున నా క్రియకు 'అబౌట్' అక్కరలేదు. "నిన్ననే వచ్చియున్నాడు" అన్నట్లు 'హీ హాజ్ కమ్ ఎస్టర్డే' అందురు. నిన్న యని కాలము నిర్ణయమైనపుడు 'హీ కేమ్' అనియే యనవలెను. "నాకంటె" అను తలపుతో 'సీనియర్ దేన్ మీ' అందురు. 'సీనియర్ టు మీ' యనుట ఒప్పు. ఇట్టివానిని పిల్లలు ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుట మేలు.

మొదట కర్తృక్రియలు, పిదప కాలము, ఆపైన చిన్న యవ్యయములు, ఈ వరుసను చూచినను తప్పు కానరాకున్నచో, 'దోషము లేదు' అను సమాధానమును జంకక గుర్తింపవలెను. అట్టి నిర్దోష వాక్యములను గూడ కావలెననియే యిత్తురు.

ఇక సాహసమునకును లెక్క గలదు. పైన జెప్పిన పరీక్షలో ఒప్పునకు 2 మార్కులు. తప్పునకు అరమార్కు కోత. నాలుగు సమాధానములలో రెండు కావని నిశ్చయమైనచో, మిగిలిన రెంటిలో నొకటి యెన్నుకొనుట లాభమే. అట్టి ప్రశ్నలు నాలుగింటిలో రెండు ఒప్పైనను 4 మార్కులు వచ్చును, పోవునది 1. కావున "తెలియనిది ముట్టకు" మను మన యుపదేశము ఇచ్చట పూర్తిగా చెల్లదు.

మీ మనుమడో మనుమరాలో ఇట్టి పరీక్షకు చదువుచున్నచో, సాయంకాలమున దగ్గర కూర్చుండి యడుగుడు: క్రియ యేది? కర్త యెవరు? కాలమేది? అడుగుటకు మీకు ఇంగ్లీషు రానక్కరలేదు. సమాధానము చెప్పుటకు మాత్రము వారు వాక్యమును విప్పి చూడక తప్పదు.