మృతుల వీథిలో నడక



ప్రాచీన స్థలములను చూడబోవువారికి మార్గదర్శి చెప్పు మాటలు రెండు విధములు. ఒకటి స్థలపురాణము, రెండవది త్రవ్వకములలో దొరకిన సాక్ష్యము. రెండును వినదగినవే, కాని ఒకదానిని రెండవదిగా గ్రహింపరాదు. మెక్సికో దేశమందలి టెయోటివాకాన్ అను శిథిలనగరమే యిందుకు నిదర్శనము.

ఈ నగరము ఆ దేశపు రాజధానికి ఈశాన్యముగా సుమారు 30 మైళ్ల దూరమున నున్నది. క్రీస్తు శకారంభమునకు కొంచెము ముందునుండి పెరిగి, లక్షమంది జనముతో వర్ధిల్లి, క్రీ. శ. 550 ప్రాంతమున ముఖ్యాలయములు అగ్నిపాలు కాగా క్షీణించెను. దీనిని కట్టినవారు తమ ఊరిని ఏమని పిలిచికొనిరో యెవరికిని తెలియదు. శతాబ్దములు గడచిన పిమ్మట వచ్చిన అజ్‌టెక్ జనులు ఈ దిబ్బలను చూచి యబ్బురపడి, ‘దేవతలు పుట్టిన చోటు’ అను నర్థము వచ్చునట్లు ఈ పేరు పెట్టిరి.

యాత్రికుడు మొదట నడుచునది ఉత్తరముగా సాగిన విశాలమైన వీథి. దీనిని మృతుల వీథి యందురు. ఇరుప్రక్కల నున్న దిబ్బలు సమాధులని అజ్‌టెక్కులు తలంచుటచే నా పేరు కలిగెను. త్రవ్వి చూడగా నవి ఆలయముల అరుగులని తేలినది. మఱి మృతులెక్కడ? ఆ నగరమున నుమ్మడి ఇండ్ల వాడలు సుమారు రెండు వేలు కలవు. ఆ ఇండ్ల నేలక్రిందనే పెక్కుమందిని పూడ్చిరి. బ్రదికినవారు తమ పెద్దల పైననే కాపురముండిరన్నమాట.

వీథికి తూర్పున సూర్య పిరమిడు కలదు. అది అంతస్తులంతస్తులుగా పైకి సన్నగిల్లిన కట్టడము. ఎత్తు సుమారు 210 అడుగులు. అడుగున ఒక్కొక్క ప్రక్క 700 అడుగులకు మించును. ఇనుప పనిముట్టు లేదు, బండి లేదు, బరువు లాగు పశువు లేదు. అంతయు మనుష్యులు మోసిన మన్నును రాయియు. వీథి చివర చంద్ర పిరమిడు. ఈ పేర్లును అజ్‌టెక్కులు పెట్టినవే. లోకము చీకటిలో నుండగా దేవతలిచ్చట కూడి, అగ్నిలో దుముకువాడెవడని యడిగిరట. గర్విష్ఠుడు జంకెను. ఒడలెల్ల పుండ్లతో నున్న దీనుడైన దేవుడు దుమికి సూర్యుడయ్యెను. సిగ్గుపడి వెనుక దుమికిన గర్విష్ఠుడు చంద్రుడయ్యెను. కథ మనోహరమే, అయినను ఆ కట్టడములను లేపినవారి విశ్వాసము ఇదియే యనుటకు అది చాలదు.

సాక్ష్యము కఠినముగా గూడ నుండును. ఈకలుగల సర్పదేవుని ఆలయము చెంత 1980 దశకమున త్రవ్వినప్పుడు, బలి యీయబడిన నూఱుమందికి పైగా మనుష్యుల అస్థులు బయలుపడెను. పెక్కుమందికి చేతులు వెనుకకు కట్టబడియుండెను.

తొందరచే సాక్ష్యము నశించుటయు కలదు. 1910లో జరుగనున్న స్వాతంత్ర్య శతవార్షికోత్సవమునకు సిద్ధము చేయదలంచి, లియోపోల్డో బాత్రెస్ 1905 మొదలుకొని సూర్య పిరమిడు పైపొరను పలు అడుగుల మందమున తొలగించెను. కావున నేడు కనబడు వెలిరూపము పూర్వులు తీర్చిన రూపము కాదు. పోయిన పొర మరల రాదు.

అందుచే అచ్చట నడుచునపుడు, “అయ్యా, ఇది నేల చెప్పినదా, తరువాతివారు చెప్పినదా?” యని మార్గదర్శిని అడుగవలయును. మంచివాడైనచో కోపగింపడు. రెంటిని వేఱుచేసి చెప్పును, తెలియనిచోట తెలియదనును. అట్టివాని వెంట నడచినవాడే ఆ నగరమును నిజముగా చూచినవాడు.