వార్తల్లో పదం: లైవ్స్

చెంప కమిలిన స్త్రీ ఆసుపత్రికి వచ్చి 'బాత్రూమ్‌లో జారిపడ్డాను' అంటుంది. ఎదురుగా ఉన్న వైద్య, నర్సింగ్ విద్యార్థి ఏం చేయాలి? హింసకు గురైన స్త్రీలను ఆదుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నేర్పే పద్ధతి పేరు 'లైవ్స్'. శ్రద్ధగా వినడం, ఏం కావాలో అడగడం, ఆమె మాట నమ్ముతున్నామని చెప్పడం, భద్రత గురించి ఆలోచించడం, సాయం దొరికే చోటికి చేర్చడం ఇందులోని అయిదు అంశాలు. 2019లో ఆ సంస్థ శిక్షణ పాఠ్యక్రమం కూడా తెచ్చింది. అందులో పాత్రలు వేసి సాధన చేయిస్తారు.

ఆ సాధన అవసరమే. వెంట వచ్చిన భర్తనో అత్తనో బయట కూర్చోబెట్టి, ఆమెతో ఒంటరిగా మాట్లాడటం పుస్తకం చదివితే వచ్చేది కాదు. 'ఇన్నాళ్లూ ఎందుకు భరించావమ్మా' అని జాలితో అడిగినా తప్పు ఆమెదే అన్నట్టు వినిపిస్తుంది. ఆ ప్రశ్న అడగకూడదు. మన 2005 గృహహింస చట్టం ప్రకారం బాధితురాలు కోరితే ఆసుపత్రి వైద్యం అందించి తీరాలి. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.